రెండో తీగ

మొదటి కొరడా దెబ్బకు ఉదయభాను పెదవి కూడా కదల్లేదు.

మహాసభ భవనం నేల కింద, అద్దాల గదిలో కూర్చుని, అతని అక్క కాత్యాయని తెర మీద ఆ దెబ్బను చూసింది. మెడ వెనక నుంచి నడుము దాకా ఒక ఎర్రటి గీత సర్రున పాకి ఆరిపోయింది. వెంటనే ఇంకొకటి. దాని మీదే మరొకటి. పైన సభలో కొరడా లేదు, కొట్టేవాడూ లేడు. ఎప్పుడో ఏదో జైలు వసారాలో ఒక ఖైదీ వీపు మీద పడిన దెబ్బలవి. ఆ ఖైదీ నరాల్లో పరుగెత్తిన బాధను జాడ తీసి దాచింది కాత్యాయనే. ఇప్పుడు సాక్షి పీఠం మీద నిలబడ్డ తమ్ముడి వెన్నులోకి దాన్ని వదులుతున్నదీ ఆమే.

"అధ్యక్షా, గౌరవ హోంమంత్రి గారి తరఫున, జైళ్ళ క్రమశిక్షణ బిల్లును ప్రవేశపెట్టడానికి సభ అనుమతి కోరుతున్నాను."

ఉదయభాను గొంతు వణకలేదు. మెడ మీద నరం మాత్రం తాడులా లేచింది.

"అనుమతి ఇవ్వవచ్చునన్న వారు 'అవును' అనాలి," అన్నాడు సభాపతి, కాగితంలోంచి తల ఎత్తకుండా.

"అవును" అని గొంతులన్నీ ఒక్కసారిగా లేచాయి.

"కాదన్న వారు?"

ఎవరూ లేరు. ఉండరు కూడా. ప్రవేశదశలో బిల్లుకు ఎవరూ అడ్డుపడకపోవడం మహాసభలో మొదటినుంచీ వస్తున్న మర్యాద. తర్వాత చర్చలో ఎంతైనా తిట్టుకోవచ్చు. గుమ్మం దాకా వచ్చిన బిల్లును మాత్రం లోపలికి రానివ్వాలి.

"అవును అన్నవారే ఎక్కువ. అనుమతి ఇవ్వడమైనది."

"బిల్లును ప్రవేశపెడుతున్నాను," అన్నాడు ఉదయభాను.

ఆ మాట పూర్తి కాగానే కాత్యాయని మీట దించింది. బల్లల మీద చరుపులు మోగాయి. ఉదయభాను మెడ వెనక పట్టీ విప్పుకుని, జేబురుమాలుతో ముఖం తుడుచుకుని, కెమెరాల వైపు తిరిగి నవ్వాడు. అతని చొక్కా వీపున తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆ చొక్కా కింద ఒక్క గాటు కూడా లేదు.

దేశం నీళ్ళ కోసం కొట్టుకుని, అలిసిపోయి, రాజధానిని ఈ పీఠభూమి మీదికి మార్చుకున్న తర్వాత పుట్టిన ఏర్పాటు ఇది. దెబ్బ తినని వాళ్ళు చట్టంలో దెబ్బలు రాస్తున్నారని జనం వీధుల్లోకి వచ్చారు. మనిషి ఒంటి మీద చెయ్యి వేసే అధికారం సర్కారుకు ఇవ్వమని అడిగే బిల్లు ఏదైనా సరే, దాన్ని ప్రవేశపెట్టే సభ్యుడు ముందు ఆ బాధను తన ఒంట్లో పట్టాలని నియమం వచ్చింది. పీఠం ఎక్కి అనుమతి అడిగిన దగ్గర్నుంచి 'ప్రవేశపెడుతున్నాను' అనే దాకా బాధ ఆగకూడదు. మధ్యలో దిగిపోతే బిల్లు పడిపోయినట్టే. ఆ యంత్రం కనిపెట్టినందుకు కాత్యాయనికి శాలువాలు కప్పారు. కొన్నాళ్ళ పాటు అలాంటి బిల్లు ఒక్కటి కూడా సభకు రాలేదు. బడుల్లో పిల్లలకు ఆ సంగతి పాఠంగా చెప్పారు.

తర్వాత ఎవరో పాత నిబంధనల్లో ఒక సౌకర్యం వెతికి పట్టుకున్నారు. మంత్రికి వీలు పడకపోతే ఆయన తరఫున వేరే సభ్యుడు బిల్లు ప్రవేశపెట్టవచ్చు. పీఠం ఎక్కినవాడికే నొప్పి. సంతకం ఎవరిదన్నది యంత్రం అడగదు.

అలా దొరికినవాడు ఉదయభాను. మొదటిసారి గెలిచి వచ్చినవాడు, వెనక వరసలో కూర్చునేవాడు. లాఠీల బిల్లు అతనే ప్రవేశపెట్టాడు. ఇప్పుడు కొరడాల బిల్లు.

సభ వాయిదా పడగానే అతను మెట్లు దిగి అద్దాల గదిలోకి వచ్చాడు. కాత్యాయని అతని మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"ఏందక్కా, ఈసారి కారం తగ్గించినట్టున్నావే," అన్నాడు.

"మాట్లాడకు. ఊపిరి తీసుకో."

"నిజంగా. లాఠీలప్పుడు కళ్ళ ముందు చుక్కలు కనపడ్డాయి. ఈసారి నిలబడి రాత్రి కూరేంటా అని ఆలోచిస్తున్నా."

"ఒరేయ్ భానూ, హోంమంత్రి గారి బిల్లు ఆయన్నే ఎక్కి నిలబడమను. నీకెందుకురా ఈ కూలి?"

"ఆయన గుండెలో రెండు స్టెంట్లున్నాయక్కా. ఆయన నిలబడితే ఆయన పోతాడు. నేను నిలబడితే బిల్లు పోదు, నేనూ పోను." చొక్కా చేతులు మడుచుకుంటూ లేచాడు. "నొప్పే కదా. వస్తుంది, పోతుంది."

*

వాళ్ళమ్మ పోయేనాటికి ఉదయభాను పలక పట్టే వయసువాడు. పెంచింది కాత్యాయనే. ఉరుము ఉరిమితే ఆమె పైట కొంగు పిడికిట్లో పట్టుకుంటే తప్ప పడుకునేవాడు కాదు. ఆమె పెళ్ళి మాట పక్కన పెట్టి చదువుకుంది, వాడిని చదివించింది. వాడి పెళ్ళి తనే చేసింది. ఇప్పుడు సభ్యుల క్వార్టర్లలో అందరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు: తను, తమ్ముడు, మరదలు హైమ, వాళ్ళ ఏడేళ్ళ కూతురు నీలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర టీవీలో మళ్ళీ ఉదయభానునే చూపిస్తున్నారు. 'దేశం కోసం ఒళ్ళు అప్పగించినవాడు' అని కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. హైమ చారు గిన్నె తెస్తూ, పట్టుకారు జారి, గిన్నెను బల్ల అంచుకు తగిలించింది. వేడి చారు ఉదయభాను తొడ మీద ఒలికింది.

అతను అరవలేదు. కూర్చున్నచోటు నుంచే చెయ్యి వెనక్కి విసిరాడు. పిడికిలి వెనక వైపు హైమ నోటికి తగిలింది. ఆమె తల గోడకు కొట్టుకుంది. కింది పెదవి చీలి, రక్తం చుక్కలుగా పడి, ఒలికిన చారులో కలిసింది.

"భానూ," అంది కాత్యాయని, కంచం ముందునుంచి లేచి.

"ఏమైందక్కా?" నిజంగా అర్థం కానట్టే చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగి, పిల్లకు పాఠం చెప్పినట్టు అన్నాడు, "నొప్పే కదా. వస్తుంది, పోతుంది. నేను పడ్డదాంట్లో ఇది ఎన్నో వంతు?"

మజ్జిగ తనే వడ్డించుకుని ముద్ద కలుపుకున్నాడు.

హైమ పెదవికి కొంగు అడ్డం పెట్టుకుని చీపురు కోసం వంటింట్లోకి వెళ్ళింది. ఆమె నడకలో తడబాటు లేదు. ఇది మొదటిసారి కాదని కాత్యాయనికి ఆ నడకే చెప్పింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది వెనకే వెళ్ళి.

"లాఠీల బిల్లు నుంచి వదినా." హైమ నెమ్మదిగా మాట్లాడింది, పెదవి కదిలితే రక్తం వస్తోంది. "అంతకు ముందు ఆయన చెయ్యి ఎత్తింది లేదు. ఇప్పుడు కోపం కూడా రాదు ఆయనకు. కోపం వస్తే బాగుండు. ఈగను తోలినట్టు కొడతారు."

"నాకు చెప్పొద్దూ?"

"ఏం చెప్పను? మీట నొక్కేది మీరేగా."

కాత్యాయని ఆమె చేతిలోని చీపురు తీసుకుంది. అప్పుడే ఆమెకు వంటింటి మూల ఏదో కదిలినట్టు అనిపించింది. పెద్ద బియ్యం డబ్బాకూ గోడకూ మధ్య ఉన్న సందులో నీలి కూర్చుని ఉంది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, రెండు చేతులతో తల పట్టుకుని ఉంది. గౌను తడిసిపోయింది.

కాత్యాయని నేల మీద చతికిలబడింది. "నిన్ను కూడా కొట్టాడా అమ్మలూ?"

నీలి తల అడ్డంగా ఊపింది.

"ఎప్పుడైనా కొట్టాడా?"

మళ్ళీ అడ్డంగానే.

"మరి ఎందుకురా ఇక్కడ?"

నీలి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "కొడతాడు అత్తా," అంది.

*

అలాంటి మాటే కాత్యాయని అంతకు ముందు ఒకసారి విన్నది. ఇదే వణుకుతో, ఒక ముసలి గొంతులో.

పత్తి మిల్లు ముందు కూలి పెంచమని కూర్చున్న జనం మీద ఎవరి ఆజ్ఞా లేకుండానే రవ్వ తూటాలు పేల్చారు. ఒక్కో తూటాలోంచి ఆవగింజలంత సీసపు రవ్వలు వందలు చిమ్ముతాయి. మనిషి చావడు, ఒళ్ళు జల్లెడ అవుతుంది. ఇప్పుడు ఆ పేల్చడాన్ని చట్టబద్ధం చేసే బిల్లు తయారవుతోందని, బాధ జాడ తీసి తెమ్మని కాత్యాయనిని ఆసుపత్రికి పంపారు. అక్కడ రమిజాబీ అనే మిల్లు కూలి దొరికింది. ఎడమ కన్ను పోయింది. ముఖం, మెడ, రొమ్ము నిండా నల్లటి రంధ్రాలు. డాక్టరు చిమటాతో ఒక్కో రవ్వ పీకి పళ్ళెంలో వేస్తుంటే, టింగు టింగుమంటున్న పళ్ళెం పక్కనే కాత్యాయని ఆమె మెడకు పట్టీ కట్టింది.

"ఈ నొప్పి నువ్వు తీసకపోతే నాకు తగ్గుతాదా తల్లీ?" అని అడిగింది రమిజాబీ.

"తగ్గదమ్మా. దీని నకలు మాత్రమే తీసుకుంటాను."

"పోనీలే. నొప్పికేముంది, మందులిస్తాండారు. ముందు వాళ్ళు తుపాకి ఎత్తినారు చూడు, అది పోలేదు తల్లీ. ఇప్పుడు గూడా తలుపు దబ్బుమంటే మంచం కిందికి పోతాండా. కాలుస్తారు అనిపిస్తాది. కాల్చినారు గదా, అయిపాయె గదా అని కోడలు నగుతాది. కాదు, కాలుస్తారు."

యంత్రంలోకి జాడ రెండు తీగల మీద వస్తుంది. మొదటి తీగలో నొప్పి. రెండో తీగలో భయం. మొదట్లో చేసిన పరీక్షల్లో భయం కూడా కలిపి వదిలితే, ఇద్దరు వాలంటీర్ల గుండె లయ తప్పింది. ఒకతను కోలుకోవడానికి ఏడాది పట్టింది. సభ్యులకు ప్రాణాపాయం ఉంటే యంత్రాన్ని ఒప్పుకునేది లేదన్నారు సభవాళ్ళు. అందుకని కాత్యాయని రెండో తీగ తెంపి, దాని కొన కట్టేసి పెట్టింది. సభవాళ్ళు దాని మీద లక్క ముద్ర వేశారు. అసలు సంగతి నొప్పే కదా, భయం దాని చుట్టూ ఉండే గజిబిజి అనుకుంది అప్పట్లో. చదువుకున్న బుద్ధికి అది సబబుగానే తోచింది.

బియ్యం డబ్బా వెనక తడిసిన గౌనుతో ఉన్న పిల్ల ఒంటి మీద ఒక్క దెబ్బా లేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె సభ కార్యదర్శి శేషగిరి దగ్గరికి వెళ్ళింది. రెండో తీగ కలపడానికి అనుమతి కావాలంది.

"మనుషులు చచ్చిపోతారని మీరే రాశారు కదమ్మా," అన్నాడాయన.

"చచ్చిపోవచ్చని రాశాను."

"ఆ 'వచ్చు' చూసే మేం లక్క వేశాం. అయినా ఇప్పుడేం లోటు? సభ్యులు బాధ పడుతున్నారు, దేశం చూస్తోంది."

"బాధ పడట్లేదండీ, బాధ నేర్చుకుంటున్నారు. భయం లేని నొప్పి ఒట్టి కసరత్తు. మా తమ్ముడు కసరత్తు చేసి బలిశాడు."

శేషగిరి టీ కప్పు మీద మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "మీ తమ్ముడు గారి విషయమే చెప్పాలమ్మా. ఈ గురువారం రవ్వ తూటాల బిల్లు. అది కూడా ఆయనే. దాని తర్వాత ఆయన్ని సహాయ మంత్రి చేస్తారని వినికిడి. మీరు లక్క జోలికి పోకండి. పోతే సభా ధిక్కారం. నేను కాపాడలేను."

ఆమె కిందికి వచ్చి గది తలుపు గడియ పెట్టింది. పరీక్షల కోసం ఉంచిన పాత యంత్రం ఒకటి మూల ఉంది, దానికి లక్క లేదు. రమిజాబీ జాడను అందులో పెట్టి, రెండు తీగలూ కలిపి, పట్టీ తన మెడకే కట్టుకుంది. పది లెక్కపెట్టేలోపు ఆగిపోయేలా అమర్చింది.

మొదట నొప్పి వచ్చింది. ఎర్రగా కాలిన ఇసుక గుప్పెళ్ళతో ముఖం మీద కొట్టినట్టు వచ్చింది. అది భరించవచ్చు. తర్వాత, ఆ నొప్పికి ముందున్నది వచ్చింది. ఎదురుగా వరసగా బూట్లు. ఒక తుపాకి గొట్టం జనమంతా వెతికి వెతికి తన దగ్గరే ఆగింది. దాని వెనక ఒక కుర్రాడి ముఖం, అందులో కోపం లేదు. పరుగెత్తమని కాళ్ళకు చెబితే కాళ్ళు వినవు. కాలుస్తాడు. ఇప్పుడే. కాలుస్తాడు.

తెలివి వచ్చేసరికి ఆమె బల్ల కింద ఉంది. ఎడమ చెయ్యి బొటనవేలి కింద కండను తనే కొరికేసింది. పళ్ళగాట్లలోంచి రక్తం మోచేతి దాకా కారింది. యంత్రం ఎప్పుడో ఆగిపోయింది, ఆమె మాత్రం బయటికి రాలేకపోయింది. నడవాలో ఎవరో నడిచిన చప్పుడుకు మళ్ళీ ముడుచుకుంది. ఆ తర్వాత రోజుల్లో ఇంట్లో స్టీలు కంచం జారితే చాలు, ఆమె అరచేతుల్లో చెమట పట్టేది.

పది లెక్కపెట్టేంత సేపటికే ఇంత అయింది.

*

గురువారం పొద్దున ఉదయభాను ఇస్త్రీ బట్టలు వేసుకుని కాఫీకి కూర్చున్నాడు. హైమ పెదవి మీద పొక్కు కట్టింది. నీలి బడికి వెళ్ళనని గది తలుపు వేసుకుంది.

"ఇవాళ నిలబడొద్దురా," అంది కాత్యాయని.

"మొదలుపెట్టావా?"

"ఆ తూటాలు తిన్నావిడను నేను చూశాను. కన్ను పోయింది."

"నా కన్ను కూడా పోయినట్టే ఉంటుందిగా ఇవాళ. న్యాయమేగా? నీ యంత్రం ధర్మమేగా?" నవ్వాడు. "నేను భరించింది జనం భరించలేరా అని అడిగితే సభలో ఎవడికీ నోరు లేవదక్కా. ఆ మాట అనే హక్కు దేశం మొత్తం మీద నా ఒక్కడికే ఉంది. నువ్వే ఇచ్చావు."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. అతని ముందున్న మెడ పట్టీ పెట్టె తీసుకోబోయింది. అతను ఆమె మణికట్టు పట్టుకుని బల్లకేసి కొట్టాడు. గాజులు పగిలి మణికట్టులో దిగాయి. అతని ముఖంలో ఏ మార్పూ లేదు. రక్తం కారుతున్న చేతిని చూసి, బిల్లు కాగితాలు ఎర్రబడకుండా పక్కకు జరుపుకున్నాడు.

"కట్టు కట్టుకో. ఆలస్యమైతే మీట ఎవరు నొక్కుతారు?" అని లేచి వెళ్ళిపోయాడు.

హైమ గుడ్డ తడిపి తెచ్చింది. గాజుపెంకులు ఒక్కొక్కటీ పిన్నీసుతో తీసింది.

"పిల్లను తీసుకుని ఎక్కడికైనా వెళ్ళిపో," అంది కాత్యాయని.

"వాళ్ళ నాన్న ముఖం ప్రతి గోడ మీదా ఉంది వదినా. ఏ ఊరెళ్ళి దాచను?" హైమ ఆఖరి పెంకు తీసి, పిన్నీసు కాత్యాయని చేతిలో పెట్టింది. "ఆయన ముందులాగా ఉంటే చాలు. భయస్థుడు మా ఆయన. బొద్దింకను చూస్తే మంచమెక్కేవాడు. నాకు ఆ మనిషి చాలు."

*

సభ కిక్కిరిసి ఉంది. ఉదయభాను పీఠం ఎక్కి, పట్టీ కట్టుకుని, హోంమంత్రికి నమస్కారం పెట్టాడు. అద్దాల గదిలో కాత్యాయని మీట ఎత్తింది.

తెర మీద అతని ముఖం, మెడ, రొమ్ము ఒక్కసారిగా ఎర్రటి చుక్కలతో నిండిపోయాయి. అతని ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది. రెప్ప కింద నీళ్ళు కారుతున్నాయి. దవడ బిగించి అన్నాడు, "అధ్యక్షా, గౌరవ హోంమంత్రి గారి తరఫున, సమావేశాల అదుపు బిల్లును ప్రవేశపెట్టడానికి సభ అనుమతి కోరుతున్నాను."

"అనుమతి ఇవ్వవచ్చునన్న వారు—"

"అధ్యక్షా, నేను వ్యతిరేకిస్తున్నాను."

సభ తలలన్నీ వెనక్కి తిరిగాయి. మిల్లులుండే ప్రాంతం నుంచి గెలిచిన మస్తానమ్మ లేచి నిలబడి ఉంది. నేత చీర, చేతిలో కాగితం లేదు.

"అమ్మా, ఇది ప్రవేశదశ," అన్నాడు సభాపతి ఇబ్బందిగా. "ఈ దశలో మనం ఎప్పుడూ..."

"నిబంధన ఉందండీ. వాడకపోతే తుప్పు పట్టిందేమో గానీ తీసెయ్యలేదు. వ్యతిరేకించే సభ్యురాలు క్లుప్తంగా మాట్లాడవచ్చు, ప్రవేశపెట్టే సభ్యుడు జవాబు చెప్పవచ్చు."

సభాపతి కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి తల ఊపక తప్పలేదు. మస్తానమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. మిల్లు ముందు కూర్చున్నవాళ్ళ గురించి, వాళ్ళ చేతుల్లో సద్దిగిన్నెలు తప్ప ఏమీ లేవని చెప్పింది. ఆమె చెప్పే ప్రతి మాటకూ పీఠం మీది మనిషి ఒంట్లో రవ్వలు దిగుతూనే ఉన్నాయి. ఎన్నడూ ఇంతసేపు ఎవరూ నిలబడలేదు. అతని ముక్కులోంచి రక్తం చుక్క ఒకటి జారి తెల్లచొక్కా మీద పడింది. అయినా అతను నవ్వుతున్నాడు.

జవాబు వంతు వచ్చింది.

"గౌరవ సభ్యురాలు చెప్పినవన్నీ విన్నాను అధ్యక్షా. ఆ రవ్వలు తింటూనే విన్నాను. చూడండి, నిలబడే ఉన్నాను." చేతులు చాపి చూపించాడు. "నొప్పే కదా. వస్తుంది, పోతుంది. నేను భరించింది జనం భరించలేరా? ఇంకో గంట మాట్లాడమనండి ఆవిడను. నేను రెడీ."

సభ గొల్లుమని నవ్వింది. బల్లలు మోగాయి. హోంమంత్రి రెండు చేతులతో చరుస్తున్నాడు.

ఆ చప్పుడు కింద గదిలోకి వచ్చింది. కాత్యాయని అరచేతుల్లో చెమట పట్టింది. ఇంకో మూడు మాటల్లో 'అవును' లు మోగుతాయి, బిల్లు లోపలికి వస్తుంది, దాని వెనక తుపాకి గొట్టాలు వస్తాయి. సాయంత్రం వీడు ఇంటికి వస్తాడు. పిల్ల బియ్యం డబ్బా వెనక్కి పోతుంది.

తీగ కలిపితే వీడు చావవచ్చు. చావకపోతే, దాని నుంచి ఎప్పటికీ బయటికి రాకపోవచ్చు. తను పది లెక్కపెట్టేంతసేపు మాత్రమే చూసింది. ఉరుముకు తన కొంగు పట్టుకున్న పిడికిలి గుర్తొచ్చింది.

పొద్దున హైమ ఇచ్చిన పిన్నీసు పైటనుంచి తీసి ఆమె లక్క పగలగొట్టింది. తీగ కొన విప్పి కలిపింది.

పైన ఉదయభాను నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. చాపిన చేతులు నెమ్మదిగా తల మీదికి వెళ్ళాయి. సభలో ఎవరో ఇంకా బల్ల చరుస్తున్నారు. ఆ చప్పుడుకు అతను పీఠం మీదే కూలబడ్డాడు. దిగి పారిపోవడానికి కాళ్ళు రాలేదు. చేతులతో నేలను గీరుకుంటూ పీఠం కాళ్ళ మధ్యకు దూరాలని చూశాడు, గోళ్ళు విరిగి రక్తం వచ్చింది. తలను చెక్కకేసి బాదుకున్నాడు, లోపలికి పట్టనందుకు. నుదురు చిట్లింది. ఇస్త్రీ బట్టలు తడిసి, పీఠం మెట్ల మీదికి ధార కారింది.

అతను కేకలు పెట్టలేదు. మైకు మాత్రం ఆ చిన్న గొంతును సభంతా వినిపించింది.

"అక్కా, ఎత్తినాడు. కాలుస్తాడు. అక్కా."

బల్లలు ఆగిపోయాయి. తెర మీద గుండె గీత పిచ్చిగా ఎగిరి, ఒక్కసారి సాగి, చదునైంది. కాత్యాయని రెండు తీగలూ పీకేసి, మెట్లెక్కి పరుగెత్తింది. ఆమె వచ్చేసరికి మస్తానమ్మ అప్పటికే పీఠం దగ్గర మోకరిల్లి, అతని రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి బలంగా నొక్కుతోంది. ఇద్దరూ మార్చి మార్చి నొక్కారు. ఎముక ఒకటి విరిగిన చప్పుడైంది. అప్పుడు అతని గొంతులోంచి గాలి వచ్చింది.

"ఈ మనిషిని తీసుకుపొండి," అంది మస్తానమ్మ సభాపతి వైపు తిరిగి. "నేనింక మాట్లాడను."

అతన్ని మోసుకుపోయారు. ప్రవేశపెట్టే సభ్యుడు ఇక పీఠం మీద లేడు. నిబంధన ప్రకారం బిల్లు పడిపోయింది. అయినా సభాపతి అలవాటు కొద్దీ అడిగాడు, "హోంమంత్రి గారి తరఫున ఇంకెవరైనా?"

సభ్యులందరూ తడిసిన మెట్లను చూస్తున్నారు. హోంమంత్రి తన చెప్పులను చూసుకుంటున్నాడు. ఎవరూ లేవలేదు.

*

కాత్యాయనిని ఉద్యోగంలోంచి తీసేశారు. ధిక్కారం కేసు నడుస్తోంది. విచారణలో "తమ్ముడని తెలిసే చేశారా?" అని అడిగితే, "తెలిసే చేశాను" అంది. 

వారం తిరక్కుండానే సాక్షి పీఠాన్ని తొలగించాలని సభలో తీర్మానం పెట్టారు. తీర్మానాలకు పీఠం ఎక్కనక్కర్లేదు. అది బిల్లులకే. కాబట్టి కూర్చున్న చోటనే లేచి, ఎవరికీ చీమ కుట్టినంత నొప్పి లేకుండా ప్రవేశపెట్టారు. మస్తానమ్మ ఒక్కతే కాదంది, అయినా తీర్మానం నెగ్గింది. రవ్వ తూటాల బిల్లు వచ్చే సమావేశాల్లో మళ్ళీ రావచ్చు. ఈసారి దానికి పట్టీ ఉండదు. కానీ దాన్ని తెచ్చే సభ్యుడి పేరు మాత్రం ఇంకా ఖాయం కాలేదని, అడిగిన ప్రతివాళ్ళూ ఒంట్లో బాగాలేదంటున్నారని శేషగిరి ఒకరోజు ఫోనులో చెప్పాడు.

ఉదయభాను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. పక్కటెముక అతుక్కుంది. ఎవరి మీదా చెయ్యి ఎత్తడు. ఎత్తిన చెయ్యి ఎవరిదైనా, తల దువ్వుకోవడానికి ఎత్తినదైనా సరే, చూడలేడు. హైమ గాజులు తీసేసింది, చప్పుడవుతాయని. కంచాల కింద గుడ్డ పరుస్తుంది. ఆమె కోరుకున్న భయస్థుడు తిరిగి వచ్చాడు. కాకపోతే మంచమెక్కించే బొద్దింక ఇప్పుడు ఇంటి నిండా ఉంది. ఒక రాత్రి అతను నిద్రలో వణుకుతుంటే హైమ అతని వీపు నిమురుతూ, కాత్యాయని వైపు చూడకుండా, "మీరు చేసింది తప్పని అనను వదినా. ఒప్పని కూడా నన్ను అడగొద్దు," అంది.

ఒకరోజు మధ్యాహ్నం హైమ బజారుకు వెళ్ళింది. కాత్యాయని పప్పు పెట్టి, కుక్కరు సంగతి మరిచిపోయి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. లోపల కుక్కరు ఈల వేసింది. ఆమె తడిబట్ట పారేసి లోపలికి పరుగెత్తి స్టవ్ ఆపేసరికి, ముందు గదిలో కుర్చీ పడి ఉంది, తమ్ముడు లేడు.

ఇల్లంతా వెతికి తిరిగి వస్తే, వంటింటి మూల ఏదో కదిలింది. బియ్యం డబ్బా వెనక ఆ ఇరుకు సందులో ఉదయభాను ముడుచుకుని ఉన్నాడు. పెద్ద ఒళ్ళు అందులో పట్టడం లేదు. బడి నుంచి అప్పుడే వచ్చిన నీలి, భుజానికి సంచీతోనే, అతని ముందు గొంతుక్కూర్చుని ఉంది. కాత్యాయని గుమ్మం చాటునే ఆగిపోయింది.

నీలి తండ్రి ముఖంలోకి కాసేపు చూసింది. వెనక్కి తిరిగి గుమ్మం వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, సందు వెడల్పయ్యేలా శక్తికొద్దీ ముందుకు లాగింది.

"ఇంకొంచెం లోపలికి జరుగు నాన్నా," అంది గొంతు తగ్గించి. "కాళ్ళు కనపడుతున్నాయి."